రెండు జవాబులు

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 10:12–14, కీర్తనలు 19:1–6, యూదా 13.



పత్తి ఏరుచున్న దినములలో ఒక ఆదివారము సాయంకాలము, ఇచ్చోడలో ఆదివారపు బడి ముగిసిన తరువాత, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక పిల్లవాడు మా యొద్దకు వచ్చి నిలిచెను. ఆ దినపు పాఠము గిబియోను యుద్ధము. పిల్లవాడు చేతులు కట్టుకొని, "అయ్యగారూ, బడిల సారు భూమే తిరుగుతదని చెప్పిండు. ఇక్కడనేమో సూర్యుడు ఆగిండని చదివితిమి. ఆగిండంటె అంతకుముందు నడిచినట్టే గద. పరీక్షల ఏది రాయాలె?" అని అడిగెను.

వెనుక బల్లమీద కూర్చున్న సంఘపెద్ద ఒకరు ఆ మాట విని, "దేవుని వాక్యాన్నే ప్రశ్నలడుగుతవారా?" అని వానిని గద్దించిరి. మేము పెద్దమనిషికి జడిసితిమి. పిల్లవానిని నొప్పించుటకును మనసు రాలేదు. కాబట్టి, "బడిలో బడి జవాబు వ్రాయుము, గుడిలో గుడి జవాబు నమ్ముము" అని చెప్పి పంపివేసితిమి. పిల్లవాడు తల ఊపి పోయెను. పెద్దమనిషి సంతోషించెను. మాకు మాత్రము ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మేము చెప్పిన ఆ జవాబు మా సొంతము కాదు. దాదాపు ఐదువందల ఏండ్ల క్రిందట మనవంటి ప్రొటెస్టంటు బోధకుడే ఒకడు అదే జవాబును ఒక గొప్ప గ్రంథముయొక్క మొదటి పుటలో, తన పేరు పెట్టకుండ, అచ్చు వేయించెను. ఆ సంగతి చెప్పుటకే ఈ నెల ఈ పుటలు తీసికొనుచున్నాము.

ముందుగా ఆకాశమును చూడవలెను. మన గ్రామములలో జొన్నచేనికి, మక్కచేనికి పందుల కావలి పోయి మంచెమీద రాత్రులు గడిపినవారికి ఇది కొత్త కాదు. పిల్లలకోడి చుక్కలు ఏటేట అదే గుంపుగా లేచును. గొల్లకావడి తన కావడిని ఎన్నడును దించదు. ఆ చుక్కల మధ్య దూరములు తాతనాడును అంతే, మనవనినాడును అంతే. కాని అయిదు చుక్కలు మాత్రము ఇల్లు లేనివానివలె ఒక గుంపులోనుండి మరియొక గుంపులోనికి పోవుచుండును. అవి బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు, శని. మనము వేగుచుక్క అనునది ఈ శుక్రుడే. గ్రీకువారు వీటిని 'తిరుగులాడు చుక్కలు' అనిరి. ఆంగ్లములో ప్లానెట్ అను పేరు ఆ మాటనుండియే వచ్చినది. యూదా తన చిన్న పత్రికలో దుర్బోధకులను పోల్చి చెప్పునప్పుడు వాడినదియు ఆ మాటయే. దారి తప్పిన చుక్కలవంటి వారని ఆయన భావము. ఆ కాలపు మనుష్యుల కన్నులకు అవి నిజముగా దారి తప్పినట్లే కనబడెను.

ఏలయనగా అవి ఊరక నడచుటయే కాదు, మధ్యలో ఆగి వెనుకకు నడచును. కుజుని గమనింపుడు. నెలల తరబడి చుక్కల మధ్య తూర్పునకు సాగుచుండును. రెండు సంవత్సరముల రెండు నెలలకు ఒకసారి మెల్లమెల్లగా నిలిచిపోయి, రెండు రెండున్నర నెలలు పడమరకు నడచి, మరల ఆగి, పాత దారి పట్టును. పంచాంగమువారు దీనిని వక్రగతి అందురు. దేవుడు చేసిన ఆకాశమందు ఈ తడబాటు ఏమి? ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకుటకు మనుష్యజాతికి రెండువేల ఏండ్లు పట్టెను.

గ్రీకువారిలో అరిస్టార్కసు అనువాడు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమందే భూమి సూర్యుని చుట్టు తిరుగునని చెప్పెను గాని వినినవారు తక్కువ. నిలిచిన మాట టాలెమీది. ఆయన అలెగ్జాండ్రియాలో, క్రీ.శ. 150 ప్రాంతమున, భూమిని నడుమ కదలకుండ నిలిపి లెక్క కట్టెను. ఆ లెక్కను మన కళ్లములోనే చూపవచ్చును. ఒక మనుష్యుడు కళ్లము చుట్టు నడచుచు, తలపైన వడిసెలను గిరగిర త్రిప్పుచున్నాడనుకొనుడు. కళ్లము నడుమ నిలిచి వడిసెలలోని రాయిని మాత్రమే చూచువానికి, ఆ రాయి ఒకప్పుడు ముందుకును ఒకప్పుడు వెనుకకును పోయినట్లు కనబడును. గ్రహము ఆ రాయివంటిదని టాలెమీ చెప్పెను: పెద్ద వలయముమీద చిన్న వలయము. ఈ లెక్క పద్నాలుగువందల ఏండ్లు పనికివచ్చెను. పనికివచ్చినదానిని అబద్ధమనుటకు ఎవనికి నోరు వచ్చును?

మన దేశమందును ఈ వెదకులాట జరిగెను. ఆర్యభటుడు క్రీ.శ. 499లో, ఇరువదిమూడేండ్ల వయసున, భూమియే తన చుట్టు తాను తిరుగునని వ్రాసెను. పడవలో పోవువానికి ఒడ్డున ఉన్న చెట్లు వెనుకకు పోవుచున్నట్లు తోచును గదా, చుక్కలు పడమరకు పోవుటయు అట్టిదేనని చెప్పెను. తరువాతి పండితులు ఒప్పుకొనలేదు. భూమి తిరిగినయెడల గూడు విడిచిన పక్షి మరల గూడు ఎట్లు చేరునని వరాహమిహిరుడు అడిగెను. అది తెలివిలేని ప్రశ్న కాదు; ఆనాడు దానికి జవాబు చెప్పగలవారు లేకపోయిరి. తెలుగుదేశమున మల్లికార్జునసూరి పన్నెండవ శతాబ్దమందు సూర్యసిద్ధాంతమునకు వ్యాఖ్య వ్రాసెను. కేరళలో నీలకంఠ సోమయాజి 1501 ప్రాంతమున అయిదు గ్రహములను సూర్యుని చుట్టు త్రిప్పి, ఆ సూర్యుని భూమి చుట్టు త్రిప్పెను. పడమటి దేశములలో ఇట్టి ఏర్పాటును డెన్మార్కువాడైన టైకో బ్రాహీ తెలిపినది మరి ఎనుబది ఏండ్లకు పైగా గడచిన తరువాతనే.

ఇప్పుడు మన బోధకుని యొద్దకు వత్తుము.

పోలండు దేశపు ఫ్రాంబోర్కు పట్టణములో రోమను సంఘపు దేవాలయోద్యోగియైన కొపర్నికసు, సూర్యుని నడుమ పెట్టి, భూమిని గ్రహములలో ఒకటిగా చేసి, పెద్ద గ్రంథము వ్రాసెను. వ్రాసి ఏండ్ల తరబడి పెట్టెలో పెట్టుకొనెను. 1539లో లూథరు బోధించిన విట్టెన్‌బర్గు విద్యాపీఠమునుండియే రెటికసు అను యౌవనస్థుడైన ఉపాధ్యాయుడు ఆయనను వెదకికొని పోయి, రెండేండ్లకు పైగా శిష్యుడై, గ్రంథమును అచ్చునకు ఒప్పించెను. రోమను సంఘపు ముసలివాడును లూథరను యౌవనస్థుడును ఒక బల్లయొద్ద కూర్చుండి లెక్కలు చూచుకొనిరి. ఆ దినములలో మతభేదముచేత దేశములు కత్తులు నూరుచుండెను.

అచ్చు నూరెన్‌బర్గులో జరిగెను. రెటికసు వేరొక ఉద్యోగమునకు పోవలసి వచ్చి, అచ్చుపని చూచు బాధ్యతను ఆ పట్టణపు లూథరను బోధకుడైన ఒసియాండరునకు అప్పగించెను. ఒసియాండరు చెడ్డవాడు కాడు. ఆయన ప్రసంగములు విని ప్రష్యా ప్రభువే సంస్కరణపక్షము చేరెను. కాని ఆయనకు భయము కలిగెను. గ్రంథము మొదట, తన పేరు లేకుండ, కొపర్నికసునకు చెప్పకుండ, ఒక చిన్న ముందుమాట చేర్చెను. దాని భావమిది: ఈ గ్రంథములో చెప్పిన సంగతులు నిజము కానక్కరలేదు, నిజమువలె తోచనైనను అక్కరలేదు, లెక్క సరిపోయిన చాలును, ఖగోళశాస్త్రమునుండి నిశ్చయమైన సంగతి నెవడును ఆశింపవద్దు. గ్రంథము 1543లో వెలువడెను. ఆ ఏడే మే నెలలో కొపర్నికసు మరణించెను. చాలకాలము చదువరులు ఆ ముందుమాట కొపర్నికసే వ్రాసెననుకొనిరి.

బడికి ఒక జవాబు, గుడికి ఒక జవాబు. మేము ఇచ్చోడలో చెప్పినదానికిని దీనికిని భేదమేమి?

మనము గలిలయో సంగతి ఉత్సాహముతో చెప్పుకొందుము. 1616లో రోమను సంఘము కొపర్నికసు గ్రంథమును దిద్దువరకు చదువకూడదని ఆపెను. 1633లో గలిలయోను మోకాళ్లూనించి తన మాట తానే కాదనునట్లు చేసెను. 1992లో పోపు రెండవ జాన్ పాల్ ఆనాటి న్యాయాధిపతులు పొరబడిరని ఒప్పుకొనెను. ఇదంతయు నిజమే. కాని అది పొరుగింటి తప్పు గనుక చెప్పుట సులభము. మన ఇంటి సంగతి తక్కువ చెప్పుదుము. 1539లో, గ్రంథము ఇంకను అచ్చుపడకముందే, భోజనపు బల్లయొద్ద ఎవరో ఈ కొత్త మాట ఎత్తగా, లూథరు యెహోషువ నిలుమన్నది సూర్యుని గాని భూమిని కాదని త్రోసివేసెనని విన్నవారు వ్రాసికొనిరి. ఆయన దానినిగూర్చి ప్రసంగింపలేదు, పుస్తకము వ్రాయలేదు. భోజనమువేళ అందరమును ఏదో ఒకటి అందుము. అయినను మా వెనుక బల్లమీది పెద్దమనిషి ఒంటరివాడు కాడని తెలిసికొనుడు.

ఆయనను ఎగతాళి చేయుటయు న్యాయము కాదు. ఆ కాలమున కొపర్నికసు మాటకు గట్టి రుజువు లేదు. ఆయనయు వలయములమీద వలయములు విడువలేదు. ఆయన లెక్కలు టాలెమీ లెక్కలకంటె అంత మెరుగైనవియు కావు. భూమి అంత దూరము తిరిగినయెడల దగ్గరి చుక్కలు దూరపు చుక్కల ముందు కొంచెమైన కదలవలెను గదా అని పండితులు అడిగిరి. ఆ కదలికను కొలిచినది 1838లో, బెస్సెలు అను జర్మను పండితుడు. అంతకాలము ఆ ప్రశ్న నిలిచియుండెను. ప్రశ్న అడుగుట తప్పు కాదు. పిల్లవాడు అడిగినను, పెద్దవాడు అడిగినను.

అయితే వక్రగతినిగూర్చి కొపర్నికసు చెప్పిన మాటలో ఒక అందమున్నది. ఆదిలాబాదునుండి నిర్మలు పోవు బస్సులో కిటికీయొద్ద కూర్చుండినవారు ఇచ్చోడ దాటిన తరువాత చూడుడు. అదే దిక్కునకు పోవుచున్న ఎడ్లబండిని బస్సు దాటునప్పుడు, దూరపు గుట్టల ముందు ఆ బండి వెనుకకు జారినట్లు కనబడును. బండివాడు ఎద్దులను వెనుకకు త్రిప్పలేదు. మన బస్సు వానిని దాటినది. కుజుడు వెనుకకు నడచుటయు ఇంతే. లోపలి దారిలో త్వరగా పోవు మన భూమి, బయటి దారిలో నిదానముగా పోవు కుజుని దాటుచున్నది. దారి తప్పినది చుక్క కాదు. మనము కదలుట లేదని అనుకొన్న మన మనసే దారి తప్పినది.

ఇక మీకు ముఖ్యముగా చెప్పవలెననుకొన్న మనుష్యుడు కెప్లరు. 1571లో జర్మనీలో బీదయింట పుట్టెను. ట్యూబింగెనులో వేదాంతవిద్య చదివి పాస్టరు కావలెనని ఆశపడెను. చదువు ముగియకముందే, 1594లో, గ్రాట్సు పట్టణపు ప్రొటెస్టంటు పాఠశాలకు లెక్కల ఉపాధ్యాయునిగా పంపివేసిరి. పాస్టరు కాలేకపోతినని కొంతకాలము దుఃఖించి, లెక్కలలోను దేవుని మహిమపరచవచ్చునని తరువాత సమాధానపడెను. 1600లో అక్కడి ప్రభువు ప్రొటెస్టంటులందరిని రోమను మతము చేరుడు, లేదా ఊరు విడువుడు అనెను. కెప్లరు ఊరు విడిచెను. ప్రేగు పట్టణములో టైకో బ్రాహీయొద్ద చేరగా, ఆయన కుజుని లెక్క ఇతనికి అప్పగించెను. మరుసటి సంవత్సరమే టైకో మరణించెను.

టైకో దూరదర్శిని లేని కాలమువాడు. వట్టి కన్నులతో, పెద్ద పెద్ద కొలత పరికరములతో, ఇరువది ఏండ్లకు పైగా రాత్రులు మేలుకొని కొలిచెను. ఆ కొలతలు చేతబట్టుకొని కెప్లరు కుజుని దారికి ఒక వలయము కట్టెను. డెబ్బదిసార్లకు తక్కువ కాకుండ లెక్క తిరుగ వేసితినని ఆయనే చెప్పుకొనెను. తుదకు సరిపోయెను. ఒకచోట మాత్రము ఎనిమిది కళల తేడా వచ్చెను.

ఎనిమిది కళలన ఎంత? ఒక అంశలో అరువది కళలు. పున్నమి చంద్రుని అడ్డముగా కొలిచిన ముప్పది కళలు. కాబట్టి చంద్రునిలో పావు వంతు. అంతకుముందు వేయి ఏండ్లు ఆకాశమును లెక్కకట్టినవారు ఇంతటి తేడాను చూచియు చూడనట్లు విడిచిరి. మన పత్తి తూకములో ఇంతకంటె ఎక్కువ తేడా వచ్చినను మాట్లాడము. కెప్లరు విడువలేదు. టైకోవంటి జాగ్రత్తగల పరిశీలకుని దేవుడు మనకు దయచేసియుండగా, ఆ వరమును త్రోసివేయుటకు మనకు అధికారము లేదని ఆయన ఉద్దేశము. ఏండ్ల కష్టమును ప్రక్కకు పెట్టి మరల మొదటినుండి ఆరంభించెను. కోడిగుడ్డు ఆకారము ప్రయత్నించెను, సరిపోలేదు. కడపట దీర్ఘవృత్తము సరిపోయెను. కళ్లములో రెండు మేకులు దిగగొట్టి, వాటి చుట్టు వదులుగా ముడివేసిన త్రాడు వేసి, కఱ్ఱతో త్రాడు బిగలాగి చుట్టు గీసిన ఏర్పడు గీత అది. ఆ మేకులలో ఒకదానిచోట సూర్యుడున్నాడు. సూర్యునికి దగ్గరగా వచ్చినప్పుడు గ్రహము త్వరగా నడచును, దూరముగా పోయినప్పుడు నెమ్మదించును. ఇది 1609లో ప్రకటించెను. ఆ గ్రంథపు పేరుపుట వెనుకనే, కొపర్నికసునకు ముందుమాట వ్రాసినవాడు ఒసియాండరు అని బయటపెట్టెను. ఒకని గ్రంథమునకు అతడు నమ్మని మాట తగిలించుట కెప్లరు ఓర్వలేకపోయెను.

1618లో మరియొక సంగతి కనుగొని మరుసటి ఏట ప్రకటించెను. దీనిని మన జిల్లావారు తేలికగా సరిచూడవచ్చును. గురుగ్రహము సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరమని మన పొరుగువారు బాసరకు పోవుదురు. 2003లో పోయిరి, 2015లో పోయిరి. ఆ పండ్రెండేండ్లు గురువు సూర్యుని చుట్టివచ్చు కాలమే. ఖచ్చితముగా చెప్పిన 11.86 సంవత్సరములు. సూర్యునినుండి మన దూరమును ఒకటి అనుకొన్న, గురువు దూరము 5.2. ఇప్పుడు 5.2ను మూడుసార్లు వేసి హెచ్చింపుడు: సుమారు 140.6. 11.86ను రెండుసార్లు వేసి హెచ్చింపుడు: దాదాపు అంతే. శనికిని ఇట్లే, కుజునికిని ఇట్లే, అన్నిటికిని ఒకే లెక్క. తిరుగులాడు చుక్కలని పేరుపడినవి ఇంత కట్టుబాటుతో నడచుచున్నవి. పందొమ్మిదవ కీర్తనలో దావీదు ఆకాశముల సాక్ష్యమునుగూర్చి చెప్పినప్పుడు ఈ లెక్క ఎరుగడు; ఎరిగియున్నయెడల ఇంకొక చరణము పాడియుండునని మా తలంపు.

ఈ కెప్లరునకు తన సంఘములో ఏమి దొరకెనో వినుడు. 1612లో లింట్సు పట్టణమునకు వచ్చినప్పుడు, ప్రభుభోజనమునుగూర్చిన విశ్వాసప్రకటనలో ఒక అంశమునకు మనస్సాక్షిగా సంతకము చేయలేననెను. సంతకము చేసి మనసులో వేరుగా తలంచుట ఆయనకు చేతకాలేదు. అక్కడి లూథరను పాస్టరు ఆయనను ప్రభుభోజనపు బల్లకు రానియ్యలేదు. పై అధికారులకు మొరపెట్టుకొనినను ఫలము లేకపోయెను. మరి రోమను మతమున చేరినయెడల గొప్ప ఉద్యోగములు దొరకును, అదియు ఒప్పుకొనలేదు. ఆయన ముసలితల్లిని మంత్రగత్తె అని ఊరివారు నిందించి, 1620లో చెరలో వేసిరి. కొడుకు తన లెక్కలు విడిచి పోయి, ఆమె పక్షమున వ్రాతలు వ్రాసి వాదింపగా, పదునాలుగు నెలల తరువాత విడుదలయాయెను. ఆరు నెలలకే ఆమె మరణించెను. మన పల్లెలలో ఒంటరి ముసలమ్మలమీద చేతబడి నింద వేయువారు ఈ సంగతి మనసున పెట్టుకొందురు గాక.

అయితే ఒకటి దాచకూడదు. కెప్లరు జీవనముకొరకు జాతకములు వ్రాసెను. రాజులు సైన్యాధిపతులు అడుగగా వ్రాసి ఇచ్చెను; కొంత నమ్మెను, కొంత నవ్వెను. ఎంత నిజాయితీగల మనుష్యునికైనను ఒక మూల చీకటి యుండును.

మనకును ఆ మూల కలదు. మన కుటుంబములలో పెండ్లికి పాస్టరును పిలుతురు, ముహూర్తమునకు మాత్రము చాటుగా వేరొకరిని అడుగుదురు. శని పట్టెనని పిల్లకు రెండేండ్లు సంబంధము ఆపిన ఇల్లు మాకు తెలియును; వారు ప్రతి ఆదివారము ముందు బల్లమీదనే కూర్చుందురు. ఆకాశపు గురుతులకు భయపడవద్దని యిర్మీయా పదియవ అధ్యాయములో వ్రాయబడినది మేము చదువగా వారును ఆమేన్ అనిరి. ఇరువది తొమ్మిదిన్నర ఏండ్లకు ఒకసారి, ఎవరి ఇంటివైపును చూడకుండ, తన దారిని తాను చుట్టివచ్చు శనికి ఆ పిల్ల పెండ్లితో ఏమి పని? ఇదియు రెండు జవాబుల సంగతియే: గుడిలో ఒకటి, ఇంటిలో ఒకటి.

కెప్లరు తరువాతి సంగతులు త్వరగా చెప్పుదుము. 1687లో న్యూటను, మామిడికాయను నేలకు లాగు శక్తియే చంద్రునిని, గ్రహములను దారిలో నిలుపుచున్నదని లెక్కతో చూపెను. యురేనసు అను గ్రహము లెక్క తప్పుచుండగా, దానిని లాగుచున్న వేరొక గ్రహముండవలెనని ఫ్రాన్సులో లెవెరియే గణించెను. 1846 సెప్టెంబరు 23న బెర్లినులో వెదకగా, చెప్పినచోటికి ఒక అంశలోపలనే నెప్ట్యూను దొరకెను. ఆయనే బుధుని లెక్కలోని చిన్న తేడాకును ఇట్లే ఒక గ్రహమును ఊహించి, దానికి పేరు కూడ పెట్టిరి. అది ఎన్నటికిని దొరకలేదు. నూరేండ్లకు 43 వికళల తేడా అది. వికళ అనగా కళలో అరువదియవ వంతు. 1915లో ఐన్‌స్టీను ఆకర్షణసిద్ధాంతమునే మార్చగా గాని ఆ తేడా తీరలేదు.

మనవారును ఈ పనిలో ఉండిరి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును మద్రాసు నక్షత్రశాల ఉద్యోగియైన చింతామణి రఘునాథాచారి మన తెలంగాణములోని వనపర్తినుండి పరిశీలించెను. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబముమీదుగా దాటినప్పుడు, విశాఖపట్టణములో అంకితం వెంకట నరసింగరావు తన మామగారు జగ్గారావు 1840లో కట్టించిన నక్షత్రశాలనుండి కొలతలు తీసెను. అట్టి కొలతలనుండియే సూర్యుని దూరము లెక్కించిరి. మన ఆదిలాబాదు నిజాము రాజ్యములో ఉన్న కాలమున, హైదరాబాదులో నవాబు జఫర్ జంగు మొదలుపెట్టిన నిజామియా నక్షత్రశాల లక్షలకొలది చుక్కల స్థానములను కొలిచి పట్టికలు అచ్చువేసెను. రాత్రుల తరబడి మేలుకొని పట్టిక నింపినవారిలో చాలమంది పేర్లు ఎవరికిని తెలియవు.

ఇక పిల్లవాని ప్రశ్న. కాల్విను 1554లో ఆదికాండమునకు వ్యాఖ్య వ్రాయుచు, మోషే చదువుకొననివారును గ్రహించునట్లు కంటికి కనబడు రీతిగా వ్రాసెననియు, శని చంద్రునికంటె పెద్దదని పండితులు చూపుట తప్పు కాదనియు, ఆ విద్య కావలసినవారు వేరొకచోట నేర్చుకొనవలెననియు చెప్పెను. ఒసియాండరు ముందుమాట వ్రాసిన పదకొండేండ్లకు మన పక్షపువాడే ఈ మాట చెప్పెను. మనమును ఉదయము పొద్దు పొడిచెననుచున్నాము, సాయంకాలము పొద్దు గూకెననుచున్నాము. బడి సారును అట్లే అనును. ఎవరును అబద్ధమాడుట లేదు. యెహోషువ నేలమీద నిలిచి, నేలమీది మనుష్యుని భాషలో, తన దేవునికి మొరపెట్టెను. దేవుడు ఒక మనుష్యుని మొఱ వినెనని చెప్పుటయే ఆ భాగపు ఉద్దేశము; ఆకాశపు లెక్క నేర్పుట కాదు. ఆ దినము వెలుగు ఎట్లు నిలిచెనో మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి మేము రెండు జవాబులు చెప్పితిమి.

క్రిస్మసు ముందు ఆదివారమున ఆ పిల్లవానిని పిలిచి, ఆ పెద్దమనిషి ఎదుటనే, "మేము నీకు తప్పు చెప్పితిమి. భూమియే తిరుగుచున్నది. పరీక్షలో అది వ్రాయుము, గుడిలోను అదే నమ్ముము" అని చెప్పి, పైన వ్రాసినదంతయు కొంచెములో వినిపించితిమి. పిల్లవాడు విని, "మరి మొదలు ఎందుకట్ల చెప్పిండ్రు అయ్యగారూ?" అనెను.

"ఈయనకు భయపడితిమి" అని పెద్దమనిషిని చూపితిమి.

పెద్దమనిషి చాలసేపు మాట్లాడలేదు. తరువాత కండువా దులిపి భుజముమీద వేసికొని, "ఏదిరా ఆ గురుగ్రహం? పుష్కరాలప్పటి నుంచి పేరే వింటున్న. బయటికొచ్చి సూపియ్యి" అనెను. అప్పటికి చీకటి పడినది. ముగ్గురమును గుడి ముంగిటికి పోయితిమి. పిల్లవాడు తూర్పున గుట్టమీదుగా లేచిన పెద్ద చుక్కను వ్రేలితో చూపుచుండగా, ఆయన వాని భుజముమీద చేయివేసి, ఆ వ్రేలి వెంబడి చూచుచుండెను.